ప్లంబింగ్ నేర్చుకోవడానికి ఐటీఐ మేలా, మేస్త్రి దగ్గర పని మేలా? (విశాఖ)

గాజువాక అన్నయ్య:
మా తమ్ముడికి 19 ఏళ్లు. ఇంటర్ తప్పాడు, మళ్లీ రాయనంటున్నాడు. రెండు నెలలుగా మధురవాడలో ఒక అపార్ట్‌మెంట్ సైట్‌లో ప్లంబింగ్ మేస్త్రి దగ్గర హెల్పర్‌గా వెళ్తున్నాడు, పని నచ్చిందట, ఇందులోనే ఉంటానంటున్నాడు. నాన్నేమో కంచరపాలెం ఐటీఐకి వెళ్లి ప్లంబర్ ట్రేడ్ గురించి కనుక్కోమంటున్నారు. ఏడాది బెంచీ మీద కూర్చుంటే పని రాదు, నా దగ్గరే ఉంచండి అని మేస్త్రి అంటున్నాడు. ఇంట్లో రోజూ ఇదే టెన్షన్. ఈ పనిలో ఉన్నవాళ్లు కాస్త చెప్పండి.

పెందుర్తి ప్లంబర్:
నాది 22 ఏళ్ల సర్వీసు, ఐటీఐ చదవలేదు, అందుకే మీ తమ్ముణ్ణి చదివించమంటున్నాను. మా మేస్త్రి పని చూపించేవాడు గానీ ఎందుకలా చేయాలో చెప్పేవాడు కాదు. డ్రైనేజీ పైపుకి వాలు ఉండాలని తెలుసు, ఎంతో తెలీదు, కంటి లెక్కతో పెట్టేసేవాళ్లం. ఎండాడలో ఒక ఇంట్లో అలా వేసిన బాత్రూమ్ లైను నాలుగు నెలలకే నిలిచిపోయింది, టైల్స్ పగలగొట్టి నా చేతి డబ్బుతో మళ్లీ వేశాను. నాలుగంగుళాల పైపు 40 అడుగుల పొడవుకి ఒక అడుగు దిగేలా పెట్టమని ఆ తర్వాత ఒక ఇంజినీరు గారు చెప్పారు. అప్పటికి ఆ ఇంటివాళ్లు నన్ను మళ్లీ పిలవడం మానేశారు, అది ఇప్పటికీ బాధే.

డాక్‌యార్డ్ దారి:
ప్లంబర్ ట్రేడ్ ఏడాదే కదన్నా, ఎందుకు భయం? పాసైతే వచ్చే నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్ దేశమంతా చెల్లుతుంది, తర్వాత అప్రెంటిస్ చేయొచ్చు, స్టైపెండ్ ఇస్తారు. మన ఊళ్లోనే నేవల్ డాక్‌యార్డ్ అప్రెంటిస్ స్కూల్ ఉంది, పైపు ఫిట్టర్ కూడా తీసుకుంటారు. రాత పరీక్ష ఉంటుంది, పదో తరగతి మార్కులూ ఐటీఐ మార్కులూ చూస్తారు, కాబట్టి చేరాక ఏదో పాసైపోదాం అనుకోవద్దని గట్టిగా చెప్పండి. సర్టిఫికెట్ లేకపోతే ఆ గేటు దాకా కూడా వెళ్లలేం.

మద్దిలపాలెం కాంట్రాక్టర్:
ఐటీఐకే నా ఓటు, కానీ మేస్త్రి మాట కొట్టిపారేయకండి. సీపీవీసీకి (వేడినీళ్లకి కూడా వాడే ప్లాస్టిక్ పైపు) అతికించే సొల్యూషన్ రాసి ఒక్క విసురులో తిప్పి నొక్కి పట్టుకోవడం చేతికి రావాలి, పుస్తకంలో రాదు. ప్లాస్టరింగ్‌కి ముందే లైనంతా ప్రెషర్ టెస్ట్ చేయించుకోవడం కూడా సైట్‌లోనే అలవాటవుతుంది. అదే సమయంలో, పై అంతస్తులో షవర్ ఎందుకు సన్నగా వస్తుందో హెల్పర్లకు తెలీదు, పైపు మారుస్తామంటారు. ట్యాంకు 10 మీటర్ల ఎత్తున ఉంటేనే చదరపు సెంటీమీటరుకి దాదాపు ఒక కిలో ప్రెషర్, పైన మూడు మీటర్లే ఉంటే పైపు మార్చి ఏం లాభం, పంపు పెట్టాలి. ఇక్కడ సముద్రపు గాలికి జీఐ పైపు (జింకు పూత వేసిన ఇనుప పైపు) త్వరగా తుప్పు పడుతుంది, ఎక్కడ ఏ పైపు వాడాలో చెప్పగలిగినవాడికే నేను పని ఇస్తాను. చదువు మానకుండా ఆదివారాలూ సెలవులూ సైట్‌కి పంపండి.

గాజువాక అన్నయ్య:
అందరికీ థ్యాంక్స్. పెందుర్తి అన్న రాసింది తమ్ముడికి చదివి వినిపించాను, వాలు లెక్క మేస్త్రిని అడుగుతానన్నాడు. రేపు నాన్నతో కలిసి కంచరపాలెం వెళ్తున్నాం, ఆదివారాల పనికి మేస్త్రి ఒప్పుకున్నాడు.