మార్టిన్ బెల్ నిజంగా స్వతంత్రుడేనా?

పాతవార్త: బీబీసీ యుద్ధ విలేకరిగా వియత్నాం నుంచి బోస్నియా దాకా తిరిగి, 1992లో సరాయెవోలో కెమెరా ముందే మోర్టార్ శకలాలు తగిలి గాయపడ్డ మార్టిన్ బెల్, 1997లో టాటన్ నియోజకవర్గం నుంచి స్వతంత్ర అభ్యర్థిగా 11,077 ఓట్ల ఆధిక్యంతో గెలిచి బ్రిటిష్ పార్లమెంటులో అడుగుపెట్టారు. ఆయన నిజాయితీని నేను శంకించను. నా సందేహమంతా ఆ గెలుపు మీదే. డబ్బు తీసుకుని సభలో ప్రశ్నలు అడిగారన్న ఆరోపణలు ఎదుర్కొంటున్న కన్సర్వేటివ్ సభ్యుడు నీల్ హామిల్టన్‌ను ఓడించడానికి లేబర్, లిబరల్ డెమొక్రాట్ పార్టీలు తమ అభ్యర్థులను తప్పించాయి. రెండు పార్టీలు ఖాళీ చేసిన కుర్చీలో కూర్చున్నవారు స్వతంత్రులెలా అవుతారు?

గోదారిగట్టు: తప్పొప్పుల మధ్య విలేకరి తటస్థంగా ఉండరాదని బోస్నియా అనుభవంతో వాదించిన మనిషి, అదే మాటను ఎన్నికల్లో నిలబెట్టుకున్నారు. ప్రచార సమయంలో టాటన్‌లోని నట్స్‌ఫర్డ్ మైదానంలో హామిల్టన్ దంపతులు విలేకరుల ఎదుటే వచ్చి నిలదీసినప్పుడు ఆయన తడబడ్డారు. ఫిరంగి గుండ్లకు బెదరనివారు అక్కడ బెదిరారన్నది నిజమే. అయితే, రుణం తీర్చుకోవాల్సి వస్తే ఎవరికి తీర్చుకోవాలి? లేబర్‌కే కదా! ఫార్ములా వన్ అధిపతి బెర్నీ ఎక్లెస్టోన్ లేబర్‌కు పది లక్షల పౌండ్ల విరాళం ఇచ్చారని, పొగాకు ప్రకటనల నిషేధం నుంచి ఆ పోటీలకు మినహాయింపు దొరుకుతోందని దుమారం రేగినప్పుడు, అదే ఏడాది నవంబరులో సభలో లేచి, ఒక రాక్షసిని చంపితే నోట ఎర్ర గులాబీ కరచుకుని మరొకటి వచ్చిందా అని లేబర్ ప్రధాని టోనీ బ్లెయిర్‌నే బెల్ నిలదీశారు. ఆ గులాబీ లేబర్ పార్టీ చిహ్నం.

పాతవార్త: ఆ ప్రశ్న విషయంలో మీదే పైచేయి, ఒప్పుకుంటాను. కానీ టాటన్‌లో ఒక్క విడతే ఉంటానన్న మాట ప్రకారం తప్పుకుని, 2001లో బ్రెంట్‌వుడ్ అండ్ ఓంగర్‌లో పోటీచేస్తే, అన్ని పార్టీలూ బరిలో ఉండగా కన్సర్వేటివ్ అభ్యర్థి ఎరిక్ పికిల్స్ చేతిలో 2,821 ఓట్లతో ఓడిపోయారు. దారి ఇచ్చేవారు లేకపోతే ఫలితం అదే.

గోదారిగట్టు: కన్సర్వేటివ్ కంచుకోటలో, వెనుక ఏ పార్టీ యంత్రాంగమూ లేకుండా, లేబర్‌నూ లిబరల్ డెమొక్రాట్లనూ వెనక్కి నెట్టి రెండో స్థానంలో నిలవడాన్ని మీరు ఓటమి అంటున్నారు, నేనైతే టాటన్ గెలుపు కంటే దాన్నే పెద్దదిగా లెక్కిస్తాను.