మల్టీ ఎకోలో టీ2 ఎక్కువ వస్తోంది: 180 పల్స్ స్లైస్ ప్రొఫైల్ కొలిచేదెలా?

3 టెస్లా ఎంఆర్ఐ స్కానర్, మోకాలి కాయిల్. మృదులాస్థి టీ2 (సిగ్నల్ తగ్గిపోయే కాలం) మ్యాపింగ్‌కి 2డీ మల్టీ ఎకో స్పిన్ ఎకో (ఒక 90 డిగ్రీల పల్స్ తర్వాత వరుసగా 180 పల్సులు): టీఆర్ (పునరావృత సమయం) 2000, టీఈ (ఎకో సమయం) 10 నుంచి 80 మిల్లీసెకన్ల దాకా పదేసి చొప్పున 8 ఎకోలు, స్లైస్ మందం 3 మిల్లీమీటర్లు.

విలువలు ఎక్కువ అనిపించి 21 డిగ్రీల దగ్గర అగర్ ఫాంటమ్ పెట్టాం. ఒక్కో టీఈకి విడిగా తీసిన సింగిల్ ఎకోలో టీ2 48 మిల్లీసెకన్లు వచ్చింది. అదే గొట్టం మల్టీ ఎకోలో 59. పైగా మొదటి ఎకో కన్నా రెండోదే ప్రకాశంగా ఉంది. అంటే స్టిమ్యులేటెడ్ ఎకోలు (పల్స్ పూర్తిగా 180 తిప్పనప్పుడు పుట్టే అదనపు ఎకోలు) దూరుతున్నాయి, అందులో అనుమానం లేదు.

మొదటి ఎకో తీసేసి ఫిట్ చేస్తే 55కి దిగింది, అంతే. స్లైసుల మధ్య ఖాళీ 20 నుంచి 100 శాతానికి పెంచినా కదల్లేదు. నాయిస్ కారణం కాదు, ఆఖరి ఎకోలోనూ ఎస్ఎన్ఆర్ (సిగ్నల్, నాయిస్‌ల నిష్పత్తి) 40 పైనే.

తర్వాత ఈపీజీ ఫిట్ (స్టిమ్యులేటెడ్ ఎకోలనీ లెక్కలోకి తీసుకునే మోడల్). బీ1ని (పల్స్ బలాన్ని) స్వేచ్ఛగా వదిలితే 160 డిగ్రీలకీ 200కీ తేడా తెలియక పక్క పక్క పిక్సెళ్లలోనే అటూ ఇటూ దూకుతోంది. విడిగా కొలిచిన బీ1 మ్యాప్ ఇస్తే మధ్యలో 51, బీ1 80 శాతానికి పడిపోయే అంచుల్లో 54. టీ1ని (అయస్కాంతత్వం తిరిగి కోలుకునే కాలాన్ని) 700 నుంచి 1300 దాకా మార్చినా తేడా 1 మిల్లీసెకను లోపే.

ఇక మిగిలింది స్లైస్ ప్రొఫైల్ (స్లైస్ మందంలో పల్స్ తిప్పే కోణం ఎలా మారుతుందో). స్లైస్ అంచుల్లో పల్స్ 180 తిప్పదు, మా ఫిట్ మాత్రం స్లైసంతా ఒకే కోణం అనుకుంటోంది. పల్స్ ఆకారం తయారీదారు ఇవ్వరు. రీడౌట్‌ని (సిగ్నల్ చదివే దిశని) స్లైస్ దిశలో పెట్టి కొలిస్తే 90, 180 రెండింటి ప్రభావం కలిసిపోయి వస్తోంది.

180 పల్స్ ప్రొఫైల్ ఒక్కదాన్నే విడదీసి కొలవడానికి మీరు వాడే పద్ధతి ఏది?