అప్‌డేట్: జర్మనీ వీసాకు నా బీటెక్ పట్టా చెల్లుతుందా?

నా ప్రశ్న గుర్తులేనివారి కోసం: బీటెక్ చదివింది ఒక అనుబంధ కళాశాలలో. విదేశీ విద్యాసంస్థల్లో వేటికి గుర్తింపు ఉందో చూపే జర్మనీవాళ్ల అనాబిన్ జాబితాలో ఆ కళాశాల పేరు ఎంత వెతికినా దొరకలేదు. ఉద్యోగ వీసాకు ఈ పట్టా పనికొస్తుందా అని అడిగాను.

పనికొచ్చింది. పట్టా ఇచ్చేది విశ్వవిద్యాలయం కాబట్టి జాబితాలో దాని పేరే వెతకాలని ఇక్కడ ఒకరు చెప్పారు. వెతికితే ‘హెచ్ ప్లస్’ అని ఉంది, అంటే గుర్తింపు ఉన్న సంస్థ. అయినా వీసా అధికారి ముందు వాదించే ఓపిక నాకు లేదు. బాన్‌లో ఉన్న జ్యాబ్ అనే కేంద్ర సంస్థకు 208 యూరోలు కట్టి, నా పట్టా వాళ్ల ఏ డిగ్రీకి సమానమో తెలిపే పత్రం తెప్పించుకున్నాను. బ్యాచిలర్ స్థాయి అని స్పష్టంగా రాసి ఇచ్చారు. పత్రాలన్నీ ఇంగ్లీషులోనే ఉన్నందున అనువాదాలు అడగలేదు.

అసలు తలనొప్పి మన దగ్గరే. మార్కుల మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి పేరు. రెండూ ఒకరివే అని నోటరీ అఫిడవిట్ జతచేశాను. ప్రొవిజనల్‌తో సరిపెట్టుకున్నవాళ్లు ఒరిజినల్ పట్టాకు ఇప్పుడే దరఖాస్తు పెట్టుకోండి. అది చేతికి వచ్చేసరికి నాకు తాతలు దిగివచ్చారు.

నర్సింగ్ చదివిన చెల్లెలి గురించి అడిగిన అక్కా, జ్యాబ్ ఇచ్చే పత్రం ఆమెకు సరిపోదు. వైద్యులు, నర్సులకు అక్కడ వృత్తి అనుమతి కావాలి. దాన్ని ఆయా రాష్ట్రాల అధికారులే ఇస్తారు, జర్మన్ భాషా పరీక్ష కూడా తప్పదు.