సోయా విత్తనం జూన్ దాకా నిలవాలంటే రకం మార్చాలా, విత్తన పంట కాలం మార్చాలా?

మెట్టసేద్యం (బొబ్బిలి): గోగు, వేరుశనగ వేసే మన మెట్టల్లో సోయా అనగానే అందరూ దిగుబడి గురించే అడుగుతారు. నా పట్టంతా మొలక మీదే. అక్టోబరులో కోసిన గింజ ఎనిమిది నెలలు ఈ తేమగాలికి తట్టుకోవాలి. విత్తనానికి 70 శాతం మొలక ఉండాలని నియమం. మే నెల ఉక్కలో అది నిలబడడం కష్టం. చిన్నగింజ, గట్టి పొర ఉన్న రకంతో సంకరం చేయాల్సిందే. కాలితూర్ అనే నల్లగింజ సోయా నిలవలో చాలా మేలు.

రబీమడి (ఆమదాలవలస): కొత్త రకం చేతికి రావడానికి పదేళ్లు పడుతుందండీ. నీటి వసతి ఉన్నచోట సంక్రాంతి లోపు వేసి, ఏప్రిల్‌లో కోస్తే గింజ రెండు నెలలు నిలిస్తే చాలు. పైగా తుపాను భయం ఉండదు. 2018లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది అక్టోబరు 11న. జూన్ చివర వేసిన 95-100 రోజుల పంట కోతకొచ్చేదీ అప్పుడే. ఎండిన కాయ వానకు నానితే ఏ రకమైనా మొలక పోతుంది.

విత్తనగది: మొలక పోయిన ప్రతిసారీ తప్పు రకానిది కాదు. సోయాలో మొలకవేరు పల్చటి పొర కిందే ఉంటుంది. నూర్పిడి డ్రమ్ము నిమిషానికి 400 చుట్లు దాటినా, బస్తా ఎత్తు నుంచి విసిరినా అది చితుకుతుంది, పైకి కనబడదు. అందుకే రకాలను పోల్చే గింజను చేత్తోనే ఒలవాలి. తర్వాత 41 డిగ్రీల వేడిలో, నిండు తేమలో 72 గంటలు ఉంచి మొలకెత్తించాలి. నిలవ గుణం అక్కడ బయటపడుతుంది.

సంకరానికి తెల్లపూల మొక్కను తల్లిగా, ఊదాపూల మొక్కను తండ్రిగా పెట్టుకోండి. పూరేకు కొస తొంగిచూస్తున్న మొగ్గను విప్పి, పట్టకారుతో కేసరాలు తీసి, ఆ ఉదయం విచ్చిన పువ్వు పుప్పొడి రుద్దాలి. చాలా మొగ్గలు రాలిపోతాయి. నిలిచిన గింజ మొలిచాక కాడ ఊదాగా ఉంటేనే సంకరం. పచ్చగా ఉంటే తల్లి సొంత పుప్పొడితో కట్టిన గింజ, పీకేయండి.

మెట్టసేద్యం: రబీమడి గారూ, రబీలో పగలు తగ్గి మొక్క పొట్టిగా ఉండగానే పూతకొస్తుంది. 45 సెంటీమీటర్ల వరుసలను 30కి దగ్గర చేసి విత్తనం పెంచాలి, ఆ ఖర్చూ లెక్కేయండి. అయితే తరాలు ముందుకు జరపడానికి మీ మడి బాగా పనికొస్తుంది. ప్రతి ఎఫ్2 మొక్క (సంకర మొక్క గింజ నుంచి వచ్చే రెండో తరం) నుంచి ఒక్క కాయ తీసుకుంటూ ఏటా రెండు పంటలు వేస్తే, పొట్టి మొక్కయినా నష్టం లేదు.

రబీమడి: దానికి ఒప్పుకుంటాను. కానీ మాగాణి మినుము పక్కన మాత్రం వేయకండి. తెల్లదోమ అక్కణ్నుంచే పల్లాకు తెగులు మోసుకొస్తుంది.