అమ్మకి పార్కిన్సన్స్: "నానో డోపమైన్" చుక్కలు వాడొచ్చా?

పర్లాకిమిడి_అమ్మాయి:
అందరికీ నమస్కారం. అమ్మకి 64 ఏళ్లు. పార్కిన్సన్స్ అని తెలిసి నాలుగేళ్లయింది. మా కిరాణా కొట్టు ఖాతా పుస్తకం ఎప్పుడూ ఆవిడే తెలుగులో రాసేది. ఇప్పుడు వరుస మొదట్లో బాగున్న అక్షరం చివరికి వచ్చేసరికి చీమ తలంత అయిపోతోంది. విశాఖ డాక్టరుగారు రాసిన లెవోడోపా, కార్బిడోపా మాత్ర రోజుకు మూడుసార్లు వేస్తున్నాం. పొద్దుటి మాత్ర మాత్రం ఒక్కోరోజు అసలు పనిచెయ్యదు.

మొన్న పాతపట్నంలో తెలిసినాయన ఒకరు "నానో డోపమైన్" చుక్కల సీసా చూపించారు. నాలుగున్నర వేలు. కణాలు బాగా చిన్నవి కాబట్టి నేరుగా మెదడులోకి దూరిపోతాయట, మాత్రలు మానేయొచ్చట. టెన్షన్‌గా ఉంది. మెదడులో తగ్గింది డోపమైనే కదా, మరి డాక్టర్లు దాన్నే ఎందుకివ్వరు?

బరంపురం_ఫార్మసీ:
అమ్మా, ముందు ఒక్కమాట. మాత్రలు మానొద్దు. లెవోడోపా ఉన్నట్టుండి ఆపితే ఒళ్లు బిగుసుకుపోయి, జ్వరం వచ్చి, ప్రాణం మీదికి రావచ్చు.

నేను బరంపురంలో ఫార్మసీ పిల్లలకు పాఠం చెబుతాను. డోపమైన్ అణువు ఒక్క నానోమీటరు కూడా ఉండదు. మందు నింపే నానో కణం చాలాసార్లు 100 నానోమీటర్ల దాకా ఉంటుంది. అంత చిన్న డోపమైనే మెదడులోకి పోలేకపోతుంటే, చిన్నదైతే దూరుతుందన్న మాట ఎలా నిలుస్తుంది? మెదడు రక్తనాళాల గోడలో జీవకణాలు సందు లేకుండా కుట్టేసినట్టు ఉంటాయి. ఇలాంటి అణువుల్లో గోడ గుర్తుపట్టినవాటికే తలుపు తీస్తుంది. లెవోడోపాని గుర్తుపడుతుంది. తిండిలోని అమైనో ఆమ్లాలు వెళ్లే తలుపులోంచే అది లోపలికెళ్లి డోపమైన్‌గా మారుతుంది. దారిలోనే మారిపోకుండా కార్బిడోపా కాపు కాస్తుంది.

నానో పరిశోధన నిజమే. నానో కణం మీద ట్రాన్స్‌ఫెరిన్ అనే, రక్తంలో ఇనుముని మోసే ప్రొటీను అంటిస్తే, ఇనుముని లోపలికి చేరవేసే గ్రాహకం దాన్ని పట్టుకుంటుంది. 2015లో లక్నోలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టాక్సికాలజీ రీసెర్చ్ వాళ్లు పీఎల్‌జీఏ అనే పాలిమర్ కణాల్లో డోపమైన్ నింపి, పార్కిన్సన్స్ లక్షణాలు తెప్పించిన ఎలుకలకు ఇస్తే కదలికలు మెరుగుపడ్డాయి. ఆ పేపరు క్లాసులో చెప్పేటప్పుడు ఇప్పటికీ నా ఒళ్లు పులకరిస్తుంది. కానీ అవి ఎలుకలు. రక్తంలో పడిన నానో కణాల్లో ఎక్కువ భాగం కాలేయం, ప్లీహం లాగేసుకుంటాయి. పార్కిన్సన్స్ రోగులకి అనుమతి పొందిన నానో డోపమైన్ మందు ఇంకా రాలేదు. ఆ సీసా కొనొద్దు.

పొద్దుటి మాత్ర ఏం తిన్నాక వేస్తున్నారు?

పర్లాకిమిడి_అమ్మాయి:
పెసరట్టు తినగానే వేస్తున్నానండీ. ఖాళీ కడుపుతో వేస్తే వికారం అంటుంది.

రాయగడ_రమణ:
అక్కా, మా నాన్నకీ ఇదే జరిగింది. రెండు గుడ్లు తిన్న రోజు పదకొండయినా కుర్చీలోంచి లేచేవాడు కాదు. ఇప్పుడు ఆరింటికి మాత్ర, దాంతో రెండు మేరీ బిస్కెట్లు. టిఫిను ఏడింటికి. వికారం లేదు.

బరంపురం_ఫార్మసీ:
రమణ చెప్పిందే. పెసరపప్పులోని ప్రొటీను అరిగి అమైనో ఆమ్లాలవుతుంది. అవీ లెవోడోపా ఒకే తలుపు దగ్గర తోసుకుంటాయి. తిండికి అరగంట ముందు వేయడం మంచిది. అలాగని పప్పు మానిపించకండి, నీరసపడిపోతుంది. వేళలు మార్చేముందు డాక్టరుగారికి ఒక ఫోన్ చెయ్యండి.

పర్లాకిమిడి_అమ్మాయి:
ఫోన్ చేశాను, సరేనన్నారు. ఐదు రోజులైంది. మూడు రోజులు ఎనిమిదింటికల్లా తనే కొట్టు తలుపు తీసింది. రాత్రి మాత్ర పాలతో వేస్తున్నాను, దానికీ ఇదే లెక్కా?

బరంపురం_ఫార్మసీ:
అదే లెక్కమ్మా, పాలూ ప్రొటీనే. మాత్ర నీళ్లతో వేసి, పాలు గంట ఆగి ఇవ్వండి.