చట్టం ఇచ్చిన అధికారమా, నలుగురూ వినే మాటా: ఏది అసలు బలం?

ప్రశ్న:
ఒక సంస్థకు చట్టం ఎంత అధికారమిస్తే దాని బలం అంతేనని మా ఫ్రెండ్ వాదన. రాతలో లేని అధికారాన్ని ఎవరూ లెక్కచేయరంటాడు. నాకు ఒప్పుకోబుద్ధి కావడం లేదు. మీరేమంటారు?

మొదటి జవాబు:
మీ ఫ్రెండ్ మాటే నిజం. 1954లో అమెరికా సుప్రీంకోర్టు జడ్జీలు తొమ్మిది మందీ ఏకగ్రీవంగా, ప్రభుత్వ బడుల్లో నల్లజాతి పిల్లల్ని వేరుగా ఉంచడం రాజ్యాంగ విరుద్ధమని తేల్చారు. కోర్టుకు ఆ అధికారమే లేకపోతే ఆ పిల్లలకు దిక్కెవరు?

రెండో జవాబు:
ఆ తీర్పు వచ్చిన మూడేళ్లకు ఏం జరిగిందో చూడండి. 1957 సెప్టెంబర్ 4న అర్కాన్సా రాష్ట్రంలోని లిటిల్ రాక్ నగరంలో, అప్పటిదాకా తెల్లపిల్లలకే పరిమితమైన సెంట్రల్ హైస్కూలుకు పదిహేనేళ్ల నల్లజాతి అమ్మాయి ఒంటరిగా నడిచి వెళ్లింది. ఆ రాష్ట్ర గవర్నర్ పెట్టించిన నేషనల్ గార్డ్ (రాష్ట్ర సైనిక దళం) సైనికులు తుపాకులతో అడ్డుకున్నారు. వెనకాల గుంపు కేకలు, తిట్లు. చివరికి ఆ పిల్ల బస్టాపు బెంచీ మీద కూర్చుండిపోయింది. దేశంలో అన్నిటికన్నా పెద్ద కోర్టు ఆమె పక్షానే ఉంది, అయినా బడిలో అడుగు పెట్టలేకపోయింది. ఇది తలచుకుంటే ఇప్పటికీ నా కడుపు రగిలిపోతుంది. అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ కేంద్ర సైన్యానికి చెందిన 101వ ఎయిర్‌బోర్న్ డివిజన్‌ను పంపాక, సెప్టెంబర్ 25న గానీ ఆమె, ఆమెతో పాటు చేరాల్సిన మరో ఎనిమిది మంది నల్లజాతి పిల్లలు సైనికుల కాపలాలో రోజంతా బడిలో ఉండలేకపోయారు.

దీనికి పూర్తిగా తిరగేసిన కథ బాసెల్ కమిటీది. 1974లో పుట్టిన ఈ బ్యాంకింగ్ పర్యవేక్షణ కమిటీకి ఏ దేశం మీదా చట్టపరమైన అధికారం లేదు. అయినా బ్యాంకులకు రిస్కును బట్టి లెక్కగట్టిన ఆస్తుల్లో కనీసం 8 శాతం మూలధనం (నష్టాలొస్తే తట్టుకునే సొంత డబ్బు) ఉండాలని 1988లో అది చెబితే, సభ్యత్వం లేని దేశాలు కూడా పాటించాయి. పాటించని బ్యాంకును బయటివాళ్లు అనుమానంగా చూస్తారు మరి.

మొదటి జవాబు రాసినవారు:
సైన్యాన్ని పంపింది కూడా చట్టం ఇచ్చిన అధికారంతోనే కదా? బాసెల్ నియమాలైనా, ఆయా దేశాలు తమ నిబంధనల్లోకి తెచ్చుకున్నాకే బ్యాంకులు పాటించాయి.

రెండో జవాబు రాసినవారు:
బాసెల్ విషయంలో మీ పాయింట్ ఒప్పుకుంటాను. లిటిల్ రాక్ సంగతి మాత్రం ఒప్పుకోలేను. ఆ అధికారం సెప్టెంబర్ 4న కూడా అధ్యక్షుడి చేతిలోనే ఉంది. మధ్యలో అది కొత్తగా వచ్చిందేమీ కాదు, వాడాలన్న పట్టుదల రావడానికే మూడు వారాలు పట్టింది. ఇంకో మాట. చట్టాలను కొట్టేసే అధికారం కోర్టులకు ఉందని అమెరికా రాజ్యాంగంలో ఎక్కడా సూటిగా రాసి లేదు. 1803లో ఒక తీర్పులో కోర్టే అది తనదని చెప్పుకుంది, కాలక్రమంలో అందరూ ఒప్పుకున్నారు. ఒప్పుకోనివాళ్ల దగ్గర అది ఎంతవరకు పనిచేసిందంటారా? బడుల తీర్పు పాటించాల్సిందేనని 1958లో సుప్రీంకోర్టు మళ్లీ గట్టిగా చెప్పినా, గవర్నర్ లిటిల్ రాక్‌లోని ప్రభుత్వ హైస్కూళ్లన్నీ ఆ విద్యా సంవత్సరమంతా మూయించేశాడు.