మాత్రలు వేసుకుంటే విశ్వాసం తక్కువైనట్లా?

ప్రశ్న (విజయవాడ నుండి ఒక సహోదరి):
అందరికీ ప్రభువు నామమున వందనములు. మా వారు సంఘంలో చాలా కాలంగా సండే స్కూలు పిల్లలకు పాఠాలు చెబుతున్నారు. మా మామగారు చనిపోయిన తరువాత ఆయనకు నిద్ర తగ్గిపోయింది. తెల్లవారకముందే మెలకువ వచ్చి, తాను ఎవరికీ పనికిరానని అనుకుంటూ కూర్చుంటారు. బైబిలు తెరిచినా చదివింది మనసుకు ఎక్కడం లేదంటారు. మానసిక వైద్యులు కుంగుబాటు అని చెప్పి మాత్రలు రాశారు. ఆ సంగతి తెలిసిన సంఘ పెద్ద ఒకరు, విశ్వాసికి ఈ మాత్రలెందుకని, ఒప్పుకోని పాపమేదో ఉండి ఉంటుందని, ఉపవాస ప్రార్థనలో కూర్చోమని అనడంతో ఈయన వాటిని మానేశారు. ఇప్పుడు ముందుకన్నా కుంగిపోయారు. ప్రార్థన వల్ల నెమ్మది కలుగుతుందని నా అనుభవంలో నాకు తెలుసు. ఆ నెమ్మది ఈయనకు ఎందుకు రావడం లేదు? మందు వేసుకోవడం నిజంగా అవిశ్వాసమేనా?

జవాబు 1 (ఒక విశ్రాంత పాస్టరు):
సహోదరీ, ముందుగా మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయం మీరిద్దరూ కలిసి నెమ్మదిగా చదవండి. కర్మెలు కొండ మీద అంతటి విజయం చూసిన ఏలీయా ప్రవక్త, యెజెబెలు రాణి బెదిరింపుకు భయపడి అరణ్యంలోకి పారిపోయి, ఒక చెట్టు కింద కూర్చుని, ఇక తన ప్రాణం తీసుకొమ్మని దేవుణ్ణి అడిగాడు. దేవుడు ఆయనను గద్దించలేదు, నీ విశ్వాసం ఏమైందని నిలదీయలేదు. దూత వచ్చి తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన రొట్టె, కూజాలో నీళ్లు ఇచ్చాడు. ఆయన తిని మళ్లీ పడుకుంటే పడుకోనిచ్చాడు. రెండోసారి లేపినప్పుడు కూడా, ప్రయాణం నీ శక్తికి మించినది గనుక భోజనం చేయమనే చెప్పాడు. దేవుడు మాట్లాడింది ఆ తరువాతే. నిద్ర, ఆహారం దేవుడు పంపిన సహాయమైనప్పుడు మాత్ర మాత్రం అవిశ్వాసం ఎలా అవుతుందో నాకు అర్థం కాదు. పౌలుతో కూడా ఉన్న లూకా వైద్యుడే గదా.

ఆయనకు వాక్యం ఎక్కని రోజుల్లో 88వ కీర్తన మీరే చదివి వినిపించండి. అది చీకటిలోనే ముగుస్తుంది. చివర స్తుతి లేదు, జవాబు లేదు. అయినా మన పెద్దలు దాన్ని లేఖనాలలో నుండి తీసివేయలేదు. దుఃఖాన్ని దాచిపెట్టి నవ్వుతూ సాక్ష్యం చెప్పాలన్న ఒత్తిడి మన కూటాలలో ఈ మధ్య ఎక్కువైంది గానీ, కీర్తనలలో దేవుని ముందు మొరపెట్టుకోవడమే ప్రార్థన. ఆ సంఘ పెద్ద మంచి ఉద్దేశంతోనే అని ఉండవచ్చు. అయినా తండ్రిని పోగొట్టుకున్న మనిషిలో పాపం వెదకడం యోబు స్నేహితులు చేసిన పనే.

జవాబు 2 (మానసిక వైద్యురాలు):
పాస్టరుగారి మాటలకు వైద్యపరంగా కొంత చేర్చాలి. కుంగుబాటు తగ్గించే మందులు పూర్తిగా పనిచేయడానికి సాధారణంగా కొన్ని వారాలు పడుతుంది. అవి హఠాత్తుగా మానేస్తే తల తిరగడం, నిద్ర చెడడం, ఆందోళన పెరగడం జరగవచ్చు. అందుచేత సొంతంగా మళ్లీ మొదలుపెట్టకుండా, రాసిన వైద్యుని దగ్గరికి ఈ వారమే వెళ్లి, మానేసిన సంగతి దాచకుండా చెప్పండి.

విశ్వాసం మేలు చేయదని నేను అనడం లేదు. 2016లో ప్రచురితమైన ఒక అమెరికన్ అధ్యయనంలో దాదాపు 90 వేల మంది నర్సులను గమనించగా, వారానికి ఒక్కసారైనా ఆరాధనకు వెళ్లేవారిలో ఆత్మహత్యల రేటు, అసలు వెళ్లనివారితో పోలిస్తే సుమారు ఐదో వంతే ఉంది. అది ఆరాధన వల్లనే అని ఆ పద్ధతితో రుజువు చేయలేము, అయినా తేడా పెద్దది. మరోవైపు 2001లో వచ్చిన ఇంకొక అధ్యయనంలో, దేవుడు తమను విడిచిపెట్టాడని భావించిన వృద్ధ రోగులలో మరణాలు ఎక్కువగా కనిపించాయి. మీ వారికి "పాపం ఉంది" అన్న మాట వినిపించడం నన్ను కలవరపెట్టేది అందుకే. సంఘం ఆయనను పక్కన కూర్చోబెట్టుకుంటే ఔషధమే. దోషిగా నిలబెడితే ఉన్న రోగానికి ఇంకొకటి తోడవుతుంది.

జవాబు 3 (ఒక సహోదరుడు):
నేను మాత్రం మాత్రలు లేకుండా, కేవలం ప్రార్థనతోనే బయటపడ్డాను. దేవుడు చేయగలడు. నిరుత్సాహపడకండి.

జవాబు 1 రాసిన పాస్టరు మళ్లీ:
మీకు కలిగిన స్వస్థతకు దేవునికి స్తోత్రం, సహోదరుడా. అయితే ఒకరి సాక్ష్యం మరొకరికి చట్టం కాకూడదు. లండనులో వేలమందికి బోధించిన స్పర్జన్ తన జీవితకాలమంతా కుంగుబాటుతో పోరాడాడు. 1856లో ఆయన కూటంలో నిప్పంటుకుందన్న అబద్ధపు కేకకు తొక్కిసలాట జరిగి ఏడుగురు మరణించిన తరువాత, యౌవనంలోనే తీవ్రంగా కుంగిపోయాడు. ఆయనకు విశ్వాసం లేదని ఎవరూ అనరు.

ప్రశ్న అడిగిన సహోదరి:
అందరికీ కృతజ్ఞతలు. చనిపోవాలనిపిస్తోందని ఆయన ఒకటి రెండుసార్లు అన్నారు. దాని గురించి నేరుగా అడగడానికి నాకు భయంగా ఉంది.

జవాబు 2 రాసిన వైద్యురాలు మళ్లీ:
అడగండి, అమ్మా. అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు, చెప్పుకునే దారి దొరుకుతుంది. ఈ రోజు నుంచే ఆయనను ఒంటరిగా వదలకండి, మిగిలిన మాత్రలు మీ దగ్గర ఉంచుకోండి. ఏ సమయంలోనైనా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రమైన టెలిమానస్ ఉచిత నంబరు 14416కు ఫోను చేయండి, తెలుగులోనే మాట్లాడతారు. వారం ఆగకుండా రేపే ఆయనను వైద్యుని దగ్గరికి తీసుకువెళ్లండి. ఈ రాత్రే ఆ మాట మళ్లీ అంటే నేరుగా ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లండి.